పదియవ తరగతి పిమ్మట ఏ గ్రూపు?

వేదపఠనము: 1 సమూయేలు 17:38–40, నిర్గమకాండము 35:30–35, దానియేలు 1:3–17, లూకా 14:28–30.

పాఠోద్దేశము: బిడ్డకు కలిగిన వరమును గుర్తించి, ముందున్న ద్వారములను తెలిసికొని, ఖర్చు లెక్కించుకొని, చదువవలసిన పాఠ్యాంశములను ఎన్నుకొనుట.



వేసవి వచ్చుసరికి పొందూరులోను, చుట్టుపట్ల గ్రామములలోను అనేక గృహములయందు ఒకే ప్రశ్న వినబడును: “పది అయినది, ఇక ఏ గ్రూపు?” పదునైదేండ్ల బిడ్డ దరఖాస్తు కాగితముమీద రెండు మూడక్షరములు వ్రాసి యిచ్చును. ఆ అక్షరములు కొన్ని తలుపులను తెరచును, కొన్నిటిని మూయును. ఎద్దును కొనునప్పుడు మనము పండ్లు చూచి, నడక చూచి, నలుగురిని విచారించి గాని రొక్కము చెల్లింపము. బిడ్డ చదువు విషయములో మాత్రము, ప్రక్క యింటి అబ్బాయి ఏది తీసికొనెనో అదియే చాలునని యూరకుందుము. ఇది తగునా? ఈ నెల పాఠములో దీనిని నిదానముగా ఆలోచింతము.

1. సౌలు కవచము

దావీదు గొల్యాతునెదుట నిలువబోవునప్పుడు సౌలు తన సొంత శిరస్త్రాణమును, యుద్ధకవచమును అతనికి తొడిగించెను. సౌలు దురుద్దేశముతో చేయలేదు. తనయొద్దనున్న శ్రేష్ఠమైనదానినే ఇచ్చెను. దావీదు వాటితో నడువ యత్నించి, అవి తనకు అలవాటు లేనివని చెప్పి తీసివేసి, గొఱ్ఱెల మందయొద్ద తన చేతికి అలవడిన వడిసెలనే పట్టుకొని పోయెను.

నేడు అనేక తండ్రులు ఈలాగే చేయుచున్నారు. తాము డాక్టరు కాలేకపోయిరి గనుక కుమార్తెకు బై.పి.సి.; మేనమామ కుమారుడు ఇంజనీరు అయ్యెను గనుక కుమారునికి ఎం.పి.సి. ఇందులో ప్రేమ లేకపోలేదు. అయితే కొలత చూడని ప్రేమ బిడ్డకు బరువగును.

బిడ్డ కొలత నెట్లు తెలిసికొందుము? మార్కులను మాత్రమే చూడవద్దు. ఎవరును చెప్పకయే ఏ పుస్తకము తెరచుచున్నాడు? లెక్క రానప్పుడు విసుగుకొని మూసివేయునా, మరల మరల ప్రయత్నించునా? మొక్కను, పురుగును, శరీరమును గూర్చిన సంగతులు ఆసక్తితో చెప్పునా? దుకాణపు లెక్కలు చురుకుగా చూచునా? ఊరి సంగతులను, చరిత్రను చక్కగా వ్రాయునా? చెడిన ఫ్యానును విప్పి చూచునా? ఈ ప్రశ్నలను తల్లిదండ్రులు మాత్రమే గాక, బిడ్డకు లెక్కలు, సైన్సు, సోషల్ చెప్పిన ఉపాధ్యాయులను గూడ అడుగవలెను. పదియవ తరగతి లెక్కలను కంఠస్థముచేసి నెగ్గినవారు ఇంటర్మీడియట్‌లో కలన గణితమునొద్ద నిలిచిపోవుట కలదు. ఆ సంగతి ముందుగా చెప్పగలవారు ఉపాధ్యాయులే.

2. వరములు అనేకములు

ప్రత్యక్షగుడారపు పనికి దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచెను. లోహపు పని, రాతిపని, చెక్కపని మాత్రమే గాక నేతపని చేయు జ్ఞానము సహితము దేవుడిచ్చినదేయని నిర్గమకాండము చెప్పుచున్నది. వాలుగచేప దవడ ఎముకతో దూదిని దువ్వి సన్ననూలు వడకు పొందూరు స్త్రీలకు ఈ మాటను వేరుగా వివరింప నక్కరలేదు. ఇచ్చట 1949లో సన్నఖాదీ కార్మికాభివృద్ధి సంఘము ఏర్పడిన నాటినుండి ఎన్నో కుటుంబములు ఆ చేతిపనితో బిడ్డలను చదివించుకొనినవి.

అయినను చదువులో రెండే గ్రూపులు గౌరవమైనవని, మిగిలినవి మందబుద్ధులకని ఒక అపోహ మనలో వ్యాపించియున్నది. 1952లో నియమింపబడిన మొదలియారు సంఘము 1953లో ఇచ్చిన నివేదికలో, ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఏడు శాఖలుండవలెనని సూచించెను: మానవీయ శాస్త్రములు, విజ్ఞానశాస్త్రములు, సాంకేతిక విద్య, వాణిజ్యము, వ్యవసాయము, లలితకళలు, గృహవిజ్ఞానము. పిల్లల శక్తులు ఒకే తీరున నుండవని ఆ పెద్దలు గుర్తించిరి. మన రాష్ట్రములో 1969లో రెండేండ్ల ఇంటర్మీడియట్ వచ్చినది. దానిలోను పలు గ్రూపులున్నవి. రెండిటినే చూచుచున్నది మన కన్నులే.

మన జిల్లా వారినే చూడుడి. 1863లో పర్వతాలపేటలో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి చరిత్రను, భాషలను శ్రద్ధతో అభ్యసించిరి. ఎవరును లెక్కచేయని సవరల భాషను నేర్చుకొని, 1931లో దానికి వ్యాకరణ గ్రంథమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించిరి. చరిత్రయు, భాషయు కూడు పెట్టవని ఆయనను ఎవరైన ఆపియుండిన, మనకెంత నష్టము!

3. ఏ తలుపు ఎక్కడికి తీయును?

ఎం.పి.సి. (గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము): ఇంజనీరింగునకు ఇది రాజమార్గము. వైమానిక, నౌకా దళములలో అధికారులగుటకు ఎన్.డి.ఎ. పరీక్ష వ్రాయగోరువారికి ఇంటర్మీడియట్‌లో గణితము, భౌతికశాస్త్రము అవసరము. ఎం.పి.సి. చదివినవారు తరువాత వాణిజ్యమునకుగాని, న్యాయశాస్త్రమునకుగాని మరలవచ్చును. జీవశాస్త్రము లేక వైద్యవిద్యకు మాత్రము దారి లేదు.

బై.పి.సి. (జీవశాస్త్రము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము): వైద్యము, పశువైద్యము, వ్యవసాయశాస్త్రము, బి.ఎస్‌సి. నర్సింగు దీని మార్గములు. మన రాష్ట్రములో ఎంసెట్ 1986లో ఆరంభమాయెను. 2017నుండి వైద్యవిద్యా ప్రవేశము నీట్ పరీక్షద్వారా జరుగుచున్నది. ఎంసెట్ పేరు 2021లో ఈఏపీసెట్‌గా మారినది. ఇంజనీరింగు, వ్యవసాయము, ఫార్మసీ అందులో నున్నవి. బై.పి.సి. అనగా ఎం.బి.బి.ఎస్. ఒక్కటేయని తలంచువారు సీటు రానప్పుడు బిడ్డ జీవితమే పోయినట్లు దుఃఖింతురు. నర్సు, ల్యాబు టెక్నీషియను, వ్యవసాయ అధికారి, సైన్సు టీచరు కూడ ఈ తలుపునుండియే వత్తురు. బి.ఫార్మసీకి ఎం.పి.సి. వారును, బై.పి.సి. వారును అర్హులే.

సి.ఇ.సి., ఎం.ఇ.సి., హెచ్.ఇ.సి.: వాణిజ్యము, అర్థశాస్త్రము, పౌరశాస్త్రము, చరిత్ర మొదలగునవి వీటిలో నుండును; ఎం.ఇ.సి.లో గణితము కూడ నుండును. బి.కాం., చార్టర్డ్ అకౌంటెన్సీ, న్యాయశాస్త్రము, ఉపాధ్యాయ శిక్షణ వీటికి తెరచియున్నవి. సివిల్ సర్వీసు పరీక్షకు ఏ డిగ్రీయైనను చాలును. ఈ గ్రూపులు తీసికొన్న బిడ్డను చూచి జాలిపడుట మానుడి.

పాలిటెక్నిక్: పదియవ తరగతి పిమ్మట పాలిసెట్ వ్రాసి మూడేండ్ల డిప్లొమా చేయవచ్చును. శ్రీకాకుళములో ప్రభుత్వ పాలిటెక్నిక్ కలదు. డిప్లొమా పిమ్మట ఉద్యోగమునకు పోవచ్చును; లేదా ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరవచ్చును. చేనేతయందు ఆసక్తిగల బిడ్డకు వెంకటగిరిలోని చేనేత సాంకేతిక విద్యాసంస్థలో పదియవ తరగతి పిమ్మట డిప్లొమా కలదు. తాత మగ్గము చదువునకు అడ్డముకాదు. అదియే చదువు కావచ్చును.

ట్రిపుల్ ఐటీ: మనకు సమీపమున ఎచ్చెర్లలో 2016లో ఆరంభమైన రాజీవ్ గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయపు శాఖ కలదు. పదియవ తరగతి మార్కులనుబట్టి ఆరేండ్ల చదువునకు చేర్చుకొందురు. వసతిలేని ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి కొంత అదనపు విలువ కలుపుదురు. ఇది ఇంజనీరింగు మార్గమని ఎరిగి చేరవలెను.

2025–26నుండి ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ మండలి కొన్ని మార్పులు చేసినది. గణితమును జీవశాస్త్రమును కలిపి చదువు అవకాశము వాటిలో నొకటి. రెండును ప్రియమైన బిడ్డకు ఇది మేలు. పాఠములు మాత్రము ఎక్కువగును. చేరదలచిన కళాశాలలో ఆ వీలున్నదో లేదో ముందుగా విచారించుడి.

4. పది దినముల పరీక్ష

దానియేలును అతని స్నేహితులును రాజుగారి భోజనమును వలదని చెప్పినప్పుడు, మొండిపట్టు పట్టలేదు. పది దినములు పరీక్షించి చూడుమని వినయముతో అడిగిరి. పై అధికారి భయమునకును, పిల్లల మనస్సాక్షికిని ఆ పది దినములు మధ్యస్థముగా నిలిచెను. కల్దీయుల విద్యనైతే వారు శ్రద్ధతో నేర్చుకొని అందరిని మించిరి.

తండ్రి యొకటి, బిడ్డ యొకటి కోరు గృహములో ఈ పద్ధతిని అనుసరింపవచ్చును. వేసవి సెలవులలో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు పాతపుస్తకములను ఎరువు తెచ్చుకొనుడి. ఐదు దినములు గణితపు మొదటి పాఠము, ఐదు దినములు జీవశాస్త్రపు మొదటి పాఠము, లేక వాణిజ్యశాస్త్రపు మొదటి పాఠము, దినమునకు రెండు గంటలు చదువనియ్యుడి. పదియవ దినమున బిడ్డనే అడుగుడి: “రెండేండ్లు దినదినము దీనితో నుండగలవా?” ఆ జవాబు ప్రక్క యింటివారి సలహాకంటె విలువైనది.

5. ఖర్చు లెక్కించుట

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి, ముగించుటకు చాలిన ధనమున్నదో లేదో లెక్కచూచునని ప్రభువు సెలవిచ్చెను. చేరిక రుసుము ఒక్కటే ఖర్చు కాదు. హాస్టలు, బస్సు, పుస్తకములు, కోచింగు, ఇంటర్మీడియట్ పిమ్మటి నాలుగైదేండ్ల చదువు, అన్నియు కాగితముమీద వ్రాయుడి. విశాఖపట్నములోనో విజయవాడలోనో పెద్ద పేరుగల కళాశాలకై పొలము కుదువబెట్టి, రెండవ సంవత్సరమున చెల్లింపలేక బిడ్డను వెనుకకు తెచ్చుట కంటె, సమీపముననున్న ప్రభుత్వ జూనియర్ కళాశాలలో నిలుకడగా చదివించుట మేలు.

కుమార్తెల విషయమై ఒక మాట. కుమారునికి దూరపు కళాశాల, కుమార్తెకు మాత్రము దగ్గర ఏ గ్రూపున్న అదియే అనుట న్యాయము కాదు. లెక్కలలో నేర్పుగల బాలికను, బస్సు దూరమను ఒక్క కారణముచేత, ఇష్టములేని గ్రూపులో చేర్చినయెడల ఆమె వరమును మనమే మట్టిలో పాతిపెట్టినట్లగును. ఇద్దరు ముగ్గురు బాలికలు కలిసి పోవునట్లు తల్లులు ఏర్పాటు చేసికొన్నచో, దూరమును గూర్చిన భయము చాలవరకు తగ్గును.

6. తప్పినయెడల

2019 ఏప్రిలులో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొనిరి. ఈ సంగతి విని ఏ తల్లి కడుపు తరుగుకొనిపోదు? తప్పిన సబ్జెక్టుకు మరల పరీక్ష యుండును. బిడ్డకు మారుగా మరియొక బిడ్డ లేదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను పరీక్షను మూడవ ప్రయత్నమున గాని నెగ్గలేదు. తరువాత అమెరికాలో ఆయన సాగించిన పరిశోధనలనుండి వచ్చిన మందులు నేటికిని రోగులకు ఉపయోగపడుచున్నవి.

కావున గ్రూపు ఎన్నుకొను దినముననే ఈ మాట బిడ్డతో చెప్పియుంచుడి: “ఇది కుదరనియెడల చెప్పుము, మరల కూర్చుండి ఆలోచింతము.” చేరిన మొదటి నెలలలో గ్రూపు మార్చుకొనుట అవమానము కాదు. దావీదు కవచమును యుద్ధభూమికి పోకముందే తీసివేసెను గదా.

సంఘములో చేయదగిన పని

ఒక ఆదివారము ఆరాధన పిమ్మట పదియవ తరగతి పిల్లలను, తల్లిదండ్రులను కూర్చుండబెట్టుడి. సంఘములో గాని, ఊరిలో గాని నున్న నర్సును, టీచరును, డిప్లొమా చేసిన యువకుని, బ్యాంకు ఉద్యోగిని పిలిచి, తాము చదివినదేమో, పడిన కష్టమేమో చెప్పుమని అడుగుడి. ఫలితములు వచ్చువరకు ఆగవద్దు. ఆగినయెడల పాలిసెట్ గడువు దాటిపోవచ్చును. మొదటి తరము చదువుకొను బిడ్డకు ఇంటిలో చెప్పువారుండరు. ఆ కొరతను తీర్చుట సంఘమునకు తగిన పరిచర్య.

చర్చకు ప్రశ్నలు

1. మీ బిడ్డ ఎవరును చెప్పకయే ఇష్టముతో చేయు పని యేది?
2. మీరు కోరు గ్రూపు బిడ్డ వరమునుబట్టియా, మీ తీరని కోరికనుబట్టియా?
3. మీ గృహములో కుమారునికిని కుమార్తెకును ఒకే కొలత నున్నదా?
4. ఈ నెలలో మీ సంఘము ఏ విద్యార్థికి పాతపుస్తకములుగాని, బస్సు ఖర్చుగాని ఇచ్చి సహాయపడగలదు?

ప్రార్థనాంశము: ఈ యేడు పదియవ తరగతి ముగించుచున్న బిడ్డలందరి నిమిత్తమును, వారికి దారి చూపు తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల నిమిత్తమును ప్రార్థింతము.