డొక్క చూసి స్కోరు వెయ్యకండి

ఆత్రేయపురం మండలంలో పశుసంవర్ధక సహాయకుడిగా చేరిన మొదటి నెలలో మిమ్మల్ని ట్యాగుల లెక్క అడుగుతారు, టీకాల లెక్క అడుగుతారు, యాప్‌లో ఎంట్రీలు ఎన్నయ్యాయని అడుగుతారు. పశువు ఎలా ఉందని అడిగేవాళ్లు తక్కువ. కానీ రేపు ఒక గేదె చనిపోయి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ వచ్చి, పాత రికార్డు బయటికి తీసినప్పుడు అందరూ చదివేది దాని పరిస్థితి గురించి మీరు రాసిన ఆ ఒక్క లైనునే.

డెల్టాలో మన కళ్లను మోసం చేసేది డొక్క. ఇక్కడి గేదెలు ఏడాదిలో చాలా రోజులు వరిగడ్డి మీదే బతుకుతాయి. వరిగడ్డి నెమ్మదిగా అరుగుతుంది, పొట్టను నిండుగా ఉంచుతుంది, బలం మాత్రం ఇవ్వదు. పాక బయట నిలబడి చూస్తే పశువు పుష్టిగా ఉన్నట్టే ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక చూడి గేదెకు అలా దూరం నుంచే ఒంటి స్కోరు అయిదుకి మూడున్నర రాసేశాను. కొద్ది రోజులకు దవడ కింద నీరు దిగిందని రైతు కబురు పెట్టాడు. వెళ్లి వెన్ను మీద చెయ్యి వేస్తే ఎముకలు ఒక్కొక్కటీ లెక్కకు దొరికాయి. అది రెండుకు మించి రాయదగ్గ పశువు కాదు. పేడ పరీక్షలో కార్జపు జలగ గుడ్లు కనిపించాయి. ఆ ఈత దూడ దక్కలేదు.

లొల్ల లాకుల దగ్గర చీలిన కాలువల నీళ్లతోనే మన వరి, మన గడ్డి పెరుగుతాయి. ఆ తడిలోనే నత్తలు ఉంటాయి. నత్తల్లో పెరిగిన జలగ పిల్లలు నీటి అంచు గడ్డికి అంటుకుని, మేసిన పశువు కార్జంలోకి చేరతాయి. అందుకని ఈ మండలంలో బక్కచిక్కిన గేదెను చూడగానే మేత తక్కువైందని తేల్చెయ్యకండి. కింది కనురెప్ప విప్పి చూడండి. లోపల పాలిపోయి ఉంటే పేడ శాంపిల్ తీసి పంపండి.

స్కోరు 1 నుంచి 5 వరకు. గేదె చర్మం మందం కాబట్టి కంటితో తేలదు. నడుము పక్క ఎముకల కొసలు, తుంటి, తోక మొదలు దగ్గరి గుంట, ఈ మూడు చోట్లా చెయ్యి వేసి నొక్కాలి. ఈనే నాటికి 3 నుంచి 3.5 మధ్య ఉంటే మంచిది. ఈనిన రెండు నెలల్లో ఒకటికి మించి పడిపోతే ఎద ఆలస్యమవుతుంది, రైతుకు ఆ ఏడాది లెక్క తప్పుతుంది.

బరువును కూడా ఊహించకండి. ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, భుజం మొన నుంచి పిర్ర ఎముక దాకా ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 660తో భాగిస్తే సుమారు కిలోలు వస్తాయి. చుట్టుకొలత 72, పొడవు 56 అయితే 440 కిలోలు. అదే పశువును చూసి 350 అనుకుంటే డాక్టర్‌గారు రాసే జలగ మందు మోతాదు చాలదు. మందు వేశామన్న ధీమా మిగులుతుంది, జలగ కూడా మిగులుతుంది.

పశువు కంటే ముందు పాకను చూడండి. జంతు సంక్షేమం అంటే ఎక్కడిదో పెద్ద మాట అనుకోవద్దు. 1965లో బ్రిటన్‌లో బ్రాంబెల్ కమిటీ అడిగింది కూడా చాలా చిన్న సంగతులే: పశువు లేవగలగాలి, పడుకోగలగాలి, అటూ ఇటూ తిరగగలగాలి, ఒళ్లు నాక్కోగలగాలి, కాళ్లు చాపగలగాలి. మన పాకలో పలుపు పొడవు అందుకు చాలుతుందా? మోకాళ్ల మీద పుండ్లు ఉన్నాయా? గిట్టలు రోజంతా తడిలో నానుతున్నాయా? గేదెకు చెమట గ్రంథులు తక్కువ, చర్మం నలుపు. ఎండాకాలం మధ్యాహ్నం చెరువులోకి దింపకపోతే, కనీసం నీళ్లు చల్లకపోతే అది పడే బాధ పాలలో తెలిసేదాకా ఆగకూడదు.

దూడను వదిలెయ్యకండి. మన గోదావరి ఇళ్లలో జున్ను అంటే ఎంత ఇష్టమో చెప్పక్కర్లేదు. కానీ పుట్టిన మొదటి గంటల్లో ఆ జున్నుపాలు దూడ కడుపులో పడకపోతే రోగాలను తట్టుకునే శక్తి దానికి మరో దారిలో రాదు. దున్న దూడకైతే మరీ అన్యాయం జరుగుతుంది, పొట్ట ఉబ్బి, వెంట్రుకలు గరుకెక్కి మూల పడి ఉంటుంది. రికార్డులో దాని గురించి కూడా ఒక లైను రాయండి.

రైతుతో తగువు పెట్టుకోవద్దు. "గేదెను చిక్కబెట్టేశారండీ" అంటే మళ్లీ పాకలోకి రానివ్వరు. "ఈ నెల పాలు ఏమైనా తగ్గాయాండీ?" అని అడగండి. "ఆయ్, తగ్గాయండి" అన్న తర్వాత మిగతాదంతా ఆయనే చెబుతాడు.

ఒత్తిడి ఇంకోవైపు నుంచి కూడా వస్తుంది. ఇన్సూరెన్స్ విలువ పెంచి రాయమని ఒకరు, ఫొటో చూసి సర్టిఫికెట్ ఇప్పించమని ఇంకొకరు వస్తారు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం ఆరోగ్య సర్టిఫికెట్ మీద సంతకం చేసే హక్కు రిజిస్టరైన పశువైద్యుడిదే. ఆ మాట మర్యాదగా చెప్పి పక్కకు తప్పుకోండి. ఫొటో మీరే తియ్యండి, 12 అంకెల చెవిట్యాగు అందులో చదవగలిగేలా ఉండాలి. ట్యాగు ఊడిపోయి ఉంటే కొత్తది వేసే ముందు పాత నంబరు రాసుకోండి.

గోదావరి లంకల్లో పశువులున్న ఊళ్లకు వర్షాలకు ముందే వెళ్లండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరి మూడో ప్రమాద హెచ్చరిక పడ్డాక ఎవరి దగ్గరా లిస్టు రాసే తీరిక ఉండదు. 2022 జూలైలో అలాగే అయింది. గొంతువాపు టీకా అప్పటికే పడి ఉండాలి. చూడివి, లేగదూడలు, రెండులోపు స్కోరున్నవి ముందుగా గట్టెక్కేలా పేర్లు రాసి పెట్టుకోండి. వరద తీశాక ఒండ్రు పట్టిన గడ్డి మేపొద్దని చెప్పి, పది రోజుల్లో మళ్లీ వెళ్లండి. అప్పుడు పాత స్కోరు చూడకుండా ముందు చెయ్యి వేసి కొత్తది రాసుకోండి, తర్వాతే పోల్చండి. తేడా ఒకటికి మించితే ఆ సాయంత్రమే డాక్టర్‌గారికి ఫోన్ చెయ్యండి.