ఎల్లలు దాటే వర్తకం

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వైపు సాగే విజయవాడ రహదారి పక్కన, కొత్తపేటలో, చాలాకాలం ఒక పెద్ద పండ్ల మార్కెట్ ఉండేది. 1986లో జాంబాగ్ నుండి అక్కడికి తరలివచ్చిన ఆ మార్కెట్‌ను ప్రజలు గడ్డిఅన్నారం మార్కెట్ అని పిలిచేవారు. 2021-22లో అది నగరం వెలుపలి బాటసింగారానికి మారింది. వేసవి వచ్చిందంటే నూజివీడు, ఖమ్మం, కొల్లాపూర్ ప్రాంతాల మామిడికాయల లారీలు అక్కడ బారులు తీరేవి. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకునే విద్యార్థులు సాయంకాలం తోపుడుబండి మీద కొనే పండు చాలావరకు ఆ మార్కెట్ గుండా వచ్చినదే. అంతర్జాతీయ వ్యాపారం, దాని నీతి అనే విషయాన్ని అర్థం చేసుకోవడానికి పెద్ద కంపెనీల కథలే అక్కరలేదు. ఆ మార్కెట్‌కు వచ్చిన బంగినపల్లి మామిడి చాలు.

ఒకే కొమ్మకు కాసిన రెండు కాయలలో ఒకటి టోక్యోకు, మరొకటి కొత్తపేటకు చేరిందనుకుందాం. 2006లో భారతీయ మామిడిని అనుమతించిన జపాను ఒక షరతు పెట్టింది. కాయను వేడి ఆవిరిలో ఉంచి, 47.5 డిగ్రీల వేడిలో 20 నిమిషాలు నిలపాలి. అమెరికా దారి వేరు. 2007లో ఆ దేశం మన మామిడికి అనుమతి ఇచ్చినప్పుడు, పురుగు నశించేటట్లు కాయలకు 400 గ్రే మోతాదులో వికిరణ చికిత్స జరగాలని, అది తన అధికారుల పర్యవేక్షణలోనే సాగాలని నియమం విధించింది. ఐరోపా సమాఖ్య, సరకులో పండుఈగ కనిపించిందన్న కారణంతో, 2014 మే నుండి మన మామిడిని, దానితోపాటు వంకాయ, కాకర, పొట్ల, చేమ ఆకులను నిషేధించింది. మామిడిపై నిషేధం 2015 ఆరంభంలో తొలగింది. 1995లో ఏర్పడిన ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందాలు ప్రతి దేశానికీ తన ప్రజల ఆరోగ్యాన్ని, పైరుపంటలను కాపాడుకునే నియమాలు చేసుకునే హక్కును ఇచ్చాయి. ఆ నియమాలకు శాస్త్రీయాధారం ఉండాలన్నది అందులోని కట్టడి.

ఇదంతా చూసి విదేశీయులే నీతిమంతులని భావించడం తొందరపాటు. ఆవిరి గదులు, వికిరణం ప్రధానంగా పురుగుల కోసం ఏర్పడినవి. వాటి వల్ల రక్షణ పొందేది ముందుగా ఆయా దేశాల తోటలు. 2025 మే నెలలో వికిరణం పూర్తయిన 15 విడతల మామిడి సరకును అమెరికా అధికారులు విమానాశ్రయాలలో నిలిపివేశారు. పత్రాలలో లోపమే అందుకు చూపిన కారణం. తిరిగి తెచ్చుకునే ఖర్చు భరించలేక ఎగుమతిదారులు ఆ పండ్లను అక్కడే నాశనం చేయించుకున్నారు. అక్కడ కాగితం చెడింది గాని పండు చెడలేదు. నియమపాలన, నీతి ఒకదానికొకటి దగ్గరి చుట్టాలే. అయినా రెండూ ఒకటి కావు.

ఇక కొత్తపేటకు వచ్చిన కాయ సంగతి. పూర్వం పచ్చికాయలను వరిగడ్డిలో వేసి కొన్ని రోజులు మాగబెట్టేవారు. త్వరగా రంగు తేవడానికి కొందరు వర్తకులు కాల్షియం కార్బైడ్‌ను ఆశ్రయించారు. ఇది గ్యాస్ వెల్డింగ్ పనిలో వాడే పదార్థం. దీనిని కాగితం పొట్లాలలో కట్టి కాయల నడుమ ఉంచితే, గాలిలోని తేమ తగిలి ఎసిటిలీన్ వాయువు పుడుతుంది, తొక్క పచ్చబడుతుంది. పారిశ్రామిక కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ అవశేషాలు ఉంటాయి. ఆహార కల్తీ నివారణ నిబంధనలు దీనిని ఏనాడో నిషేధించాయి. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు ఆ నిషేధాన్ని కొనసాగించాయి. అయినను వాడకం ఆగకపోవడంతో 2015లో హైదరాబాదులోని ఉన్నత న్యాయస్థానం పత్రికల వార్తలను ఆధారం చేసుకొని తానే ఈ విషయాన్ని విచారణకు స్వీకరించింది.

ఇచ్చట గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. ‘ఎక్కడి చట్టం అక్కడిది, ఎక్కడి ఆచారం అక్కడిది’ అనే వాదం దేశాంతర వ్యాపారంలో తరచు వినవస్తుంది. కార్బైడ్ విషయంలో ఈ వాదానికి చోటు లేదు. చట్టం మన దేశంలోనూ ఉన్నది. తేడా అంతా కొనేవాడి బలంలో ఉన్నది. టోక్యో కొనుగోలుదారు సరకును వెనక్కు పంపగలడు. అతని వెనుక ఒక ప్రభుత్వం, ఒక ప్రయోగశాల ఉన్నాయి. హాస్టల్ విద్యార్థి వెనుక ఎవరున్నారు?

వర్తకుల పక్షాన చెప్పవలసినదీ ఉన్నది. గాలివానకు భయపడి రైతు పండకముందే కాయ కోస్తాడు. వేలంలో కొన్న సరకును ఎండ ఆగనివ్వదు. ఇథిలీన్ గదులు కట్టడానికి పెట్టుబడి కావాలి, కార్బైడ్ చవక. ఇథిలీన్‌ను నిర్ణీత మోతాదులో వాడవచ్చునని ఆహార ప్రమాణాల సంస్థ 2016లో అనుమతించింది. తరువాత చైనా నుండి ఇథిలీన్ పొడి పొట్లాలు మార్కెట్‌కు వచ్చాయి. కాయకు నేరుగా తగలకుండా వాడవలసిన ఆ పొట్లాలను ఎలా వాడుతున్నారన్నది మళ్లీ వర్తకుని మనస్సాక్షికే మిగిలింది.

పరదేశి వర్తకుడు తెలుగువారికి నిన్న మొన్నటి చుట్టం కాడు. శ్రీనాథుని ‘హరవిలాసము’నకు కృతిభర్త అయిన అవచి తిప్పయసెట్టి సముద్రవర్తకుడే. అంతకు చాలా ముందు, 1244 ప్రాంతంలో, కాకతీయ గణపతిదేవుడు నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. గాలివాన తాకిడికి ఒడ్డున పడ్డ ఓడల సరకును అంతకుముందు రాజులు బలాత్కారంగా గ్రహించేవారు. ప్రాణం కంటె ధనమే మిన్న అనుకొని సముద్రంలోకి తెగించి వచ్చే వారిపై దయతో, నిర్ణీతమైన సుంకం తప్ప తక్కినదంతా విడిచిపెడుతున్నట్లు గణపతిదేవుడు ప్రకటించాడు. ఆ సుంకం ఎగుమతి దిగుమతులపై 30కి 1 వంతు. రాజుకు రేవు ఆదాయం పెంచుకునే ఆలోచన లేకపోలేదు. కాని ఓడ పగిలి, అడిగే దిక్కులేక, తన ఒడ్డున నిలిచిన పరాయివానికి అనుకూలంగా తన చేతులను తానే కట్టుకొని, ఆ కట్టుబాటును అందరూ చదివేటట్లు రాతి స్తంభం మీద చెక్కించడం చిన్న విషయం కాదు.

దిల్‌సుఖ్‌నగర్ బండి మీద ఇప్పుడు వాషింగ్టన్ ఆపిల్, న్యూజిలాండ్ కివీ, బంగినపల్లి పక్కపక్కన ఉంటాయి. పరదేశి పండుకు అతికించిన చీటీ మీద సాధారణంగా దేశం పేరు, నాలుగంకెల సంఖ్య కనిపిస్తాయి. బంగినపల్లి రాశికి ఏ చీటీ ఉండదు. ఏ తోటదో, ఎవరు మాగబెట్టారో, దేనితో మాగబెట్టారో బండివానికీ తెలియదు. కొనేవాడు పండును ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసి, ధర అడుగుతాడు.