మిడిల్టన్ ప్లేస్ తోట: పూల వెనుక వరి



అమెరికాలోని దక్షిణ కెరొలైనా రాష్ట్రమున, చార్లెస్టన్ నగరమునకు సుమారు 15 మైళ్ళ దూరమున, ఆష్లీ నది ఒడ్డున మిడిల్టన్ ప్లేస్ అను పాత తోట గలదు. హెన్రీ మిడిల్టన్ దీనిని 1741లో ప్రారంభించెను. నది వైపు మెట్లు మెట్లుగా దిగు పచ్చిక గట్లు, వాటి అడుగున సీతాకోకచిలుక రెక్కలవలె త్రవ్విన జంట చెరువులు, పెద్ద ఓకు వృక్షములు చూడ ముచ్చటగా నుండును. చెరువుల ప్రక్కనే ఒక పాత వరి మిల్లు గలదు. పూలతోటలో వరి మిల్లు ఎందుకని మీకు తోచవచ్చును. ఈ తోటను పెంచిన ధనము వరి నుండియే వచ్చినది.

పోటు నీటితో సాగు

ఆ తీరపు నదులలో సముద్రపు పోటు చాల దూరము ఎగదట్టును. ఉప్పునీరు బరువైనది, అడుగున నుండును; మంచినీరు పైకి లేచును. ఉప్పు చేరని ఎగువ భాగమున పొలములు ఏర్పరచి, గట్టు క్రింద కొయ్య తూము నుంచి, దానికి రెండు చివరల తలుపులు కట్టిరి. పోటు వేళ బయటి తలుపు ఎత్తినచో, నీటి తోపుడుకు లోపలి తలుపు తెరచుకొని పొలము నిండును. పోటు తగ్గగానే లోపలి నీటి ఒత్తిడికి అదే మూసుకొనును. నీరు తీయవలసినపుడు లోపలి తలుపు ఎత్తుదురు. పోటు తగ్గినపుడు నీరు బయటికి పోవును.

ఎవరి చెమట?

చిత్తడి అడవులు నరికి, మైళ్ళ కొలది గట్లు పోసినది ఆఫ్రికా నుండి బానిసలుగా తెచ్చిన వారును, వారి సంతతియును. వారిలో అనేకులు తరతరములుగా వరి పండించిన పశ్చిమ తీరపువారు. జ్వరములు, పాముల నడుమ కూలి లేక పనిచేసిరి. 1865లో అంతర్యుద్ధపు చివర ఉత్తరపు సైనికులు మేడను కాల్చిరి. ఆ యేడే బానిసత్వము రద్దయ్యెను. తరువాత కూలి సమస్యల వలనను, తుపానులకు గట్లు తెగుట వలనను 20వ శతాబ్ది తొలినాళ్ళలో అచటి వరి వ్యాపారము అంతరించెను. నేడు తోటలోని ఒక చిన్న ఇంట నాటి బానిసల పేర్లు వ్రాసి యుంచిరి. చూడబోవువారు ముందు దానిని చూడవలెను.

మన పాఠము

కృష్ణా, గోదావరి డెల్టాల చివరి భూములలోను పోటు వేళ మురుగు కాలువల వెంట ఉప్పు ఎక్కును. కాబట్టి నాట్లకు ముందే గట్ల గండ్లు పూడ్చుడు. తూము తలుపులు సరిగా మూసుకొనునదీ లేనిదీ చూడుడు. అనుమానమున్న నీటిని పరీక్ష చేయించిన పిమ్మటనే పెట్టుడు. గట్టు కాచువానికి తగిన కూలి ఇచ్చుట మరువకుడు. అతడు ఒక్క రాత్రి ఏమరినచో పంట అంతయు పోవును.