కోళ్ల ఎరువు – కౌలు రైతు లెక్క

మా హాస్టల్లో చాలామందిమి కౌలు రైతుల, వ్యవసాయ కూలీల పిల్లలం. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలల్లో మిరప, పత్తి వేస్తే విత్తనం మొదలు కోత కూలి దాకా అంతా పెట్టుబడే. అందులో ఎరువుల ఖర్చు కొంతైనా తగ్గుతుందా అని మేము వేసి చూసిన లెక్క ఇది.

కోళ్ల ఎరువు అంటే ఏమిటి?

బోనుల్లో పెంచే గుడ్ల కోళ్ల కింద చేరేది వట్టి రెట్ట. మాంసం కోళ్ల షెడ్డులో నేల మీద వరి ఊక పరుస్తారు. ఆ ఊక, రెట్ట, రాలిన మేత, ఈకలు కలిసినదే లిట్టరు. కోడికి మూత్రం వేరుగా పోదు, రెట్టతోనే వస్తుంది. అందుకే ఈ ఎరువులో నత్రజని ఎక్కువ. పుస్తకాల లెక్క ప్రకారం కోళ్ల ఎరువులో నత్రజని సుమారు 3 శాతం, భాస్వరం 2.6 శాతం, పొటాష్ 1.4 శాతం ఉంటాయి. పశువుల ఎరువులో నత్రజని అర శాతమే. అంటే ఒకే ట్రక్కు కిరాయికి ఆరు రెట్ల నత్రజని పొలానికి చేరుతుంది. తడి, ఊక ఎక్కువైతే ఈ బలం తగ్గుతుంది.

ఒక టన్ను విలువ ఎంత?

టన్నులో నత్రజని 30 కిలోలు, భాస్వరం 26 కిలోలు. ఇంత బలం బస్తాల్లో కొనాలంటే డి.ఏ.పి. 57 కిలోలు, యూరియా 43 కిలోలు కావాలి. 2025లో 50 కిలోల డి.ఏ.పి. బస్తా 1,350 రూపాయలు, 45 కిలోల యూరియా బస్తా 266.50 రూపాయలు. ఆ ధరల్లో రెండూ కలిపి సుమారు 1,780 రూపాయలు. పొటాష్ అదనం. ఎరువు ధర, కిరాయి, చల్లే కూలి కలిపి టన్నుకు ఇంతకంటే తక్కువైతేనే లాభం.

కౌలు రైతుకు వచ్చే చిక్కు

ఇందులోని బలమంతా మొదటి పంటకే అందదు. సగం అందుతుందనుకుంటే ఆ ఏడు దక్కేది 890 రూపాయలే. మిగతాది నేలలో ఉండి తర్వాతి పంటకు పనికొస్తుంది. కానీ తర్వాతి ఏడు ఆ చేను ఎవరిదో! 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చిన కార్డు గడువు కూడా 11 నెలలే. కౌలు రైతు డబ్బు పెట్టి తోలిన ఎరువు చివరకు ఆసామి పొలాన్ని బాగుచేస్తుంది. కాబట్టి ఎరువు తోలకముందే, కౌలు మాట్లాడుకునే రోజునే, ఖర్చులో సగం ఆసామి భరించాలనో, కౌలులో తగ్గించాలనో, రెండేళ్లకు కౌలు ఇవ్వాలనో అడగడం న్యాయం.

పాటించవలసినవి

1. పచ్చి రెట్ట మొక్క మొదట్లో వేయరాదు. వేడికి వేళ్లు మాడతాయి.

2. నీడలో కుప్ప పోసి, తడిపి, తిరగవేస్తూ మాగనివ్వాలి. వానకు తడవకుండా కప్పాలి. ఘాటు వాసన వస్తోందంటే నత్రజని అమ్మోనియాగా గాలిలో పోతున్నట్టే.

3. ఆఖరి దుక్కికి ముందు చల్లి వెంటనే కలియదున్నాలి.

4. వేసిన మేరకు యూరియా తగ్గించాలి. తగ్గించకపోతే ఖర్చు రెండింతలు. పైగా ఆకు గుబురుగా పెరిగి రసం పీల్చే పురుగులు ఎక్కువవుతాయి.

5. చల్లే కూలీలు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. ఆ కూలీలు మన అమ్మానాన్నలే.

ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరి ధరలతో ఇదే లెక్క కాగితం మీద వేసి ఇంట్లో వినిపించండి. మనం నేర్చుకున్న శాతాలు, గుణకారాలు మొదట మన ఇంటి చేనుకే అక్కరకు రావాలి.