అన్నం తగ్గిస్తే మెదడు మొద్దుబారుతుందా?

ప్రశ్న: నా వయసు 46. షుగర్‌కు గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. పది రోజులుగా అన్నం బాగా తగ్గించి గుడ్లు, పనీరు, కూరలు తింటున్నాను. తలనొప్పి, నీరసం. అన్నం లేకపోతే మెదడు పనిచేయదని, కిడ్నీలు పోతాయని ఇంట్లో భయపెడుతున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మెదడుకు గ్లూకోజు కావాలమ్మా, నిజమే. అది అన్నం నుంచే రానక్కర్లేదు. తక్కువైతే కాలేయమే తయారుచేస్తుంది. కిడ్నీల సంగతంటారా, పిండిపదార్థాలు తగ్గించడమంటే మాంసకృత్తులు గుప్పించడం కాదు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలకు రెండు గుడ్లు, కాస్త పనీరు బరువేం కాదు. షుగర్ అదుపుకు ఈ పద్ధతి పనికొస్తుందని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2019 నివేదికలోనూ ఉంది.

నాకు భయమల్లా మీ మాత్రతోనే. తిండి తగ్గి మాత్ర తగ్గకపోతే షుగర్ పడిపోతుంది. నీరసం అనిపించగానే గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూడండి. షుగర్ సరిగానే ఉంటే ఒంట్లో ఉప్పు, నీరు తగ్గి ఉంటాయి. మొదటి వారం పది రోజుల్లో ఇది మామూలే. బీపీ లేకపోతే ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ తాగండి. అన్నం మానేసి నాలుగు చపాతీలు తింటే మాత్రం ఫలితం ఉండదు. ఆకుకూరలు, బీర, సొర, పల్లీలు పెంచండి.

మాత్ర మోతాదు గురించి ఈ వారంలోనే మీ డాక్టరును కలవండి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షా చేయించండి. వాంతులు, ఆయాసం, మగత ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.