మావళీ వీరుల మట్టిబొమ్మలు

బొమ్మలు బాలుర ఆటవస్తువులు మాత్రమే కావు. ఒక జాతి తన పూర్వవీరుల నెట్లు స్మరించుచున్నదో అవి తెలుపును. మహారాష్ట్రమున దీపావళి వేళ పిల్లలు కట్టు మట్టికోటలును, వానిపై నిలుపు వీరుల ప్రతిమలును ఇందులకు చక్కని నిదర్శనములు.

పండుగకు కొన్ని దినములు ముందుగా పిల్లలు ముంగిట రాళ్లు, ఇటుకలు పేర్చి, గోనెపట్టా కప్పి, బురద మెత్తి కొండను నిర్మింతురు. దీనికి ‘కిల్లా’ యని పేరు. ఆవాలో రాగులో చల్లి నీరు చిలికినచో కొండ పచ్చబడును. శిఖరమున సింహాసనస్థుడైన శివాజీ, ద్వారముకడ కావలివారు, మెట్లపై మావళీలు నిలుతురు. సహ్యాద్రికి తూర్పుననున్న మావళ ప్రాంతపు లోయలవాసులే మావళీలు. కొండదారు లెరిగిన ఈ జనులే శివాజీ సైన్యమునకు మూలబలము.

బొమ్మను చేయు విధానము తెలిసికొందము. జల్లించిన బంకమట్టిని మెత్తగా పిసికి, రెండు పలకల మూసలో ముందుభాగమును, వెనుకభాగమును వేర్వేరుగ అదిమి, రెంటిని పలుచని తడిమట్టితో అతికింతురు. ఎండలో త్వరపడి ఆరబెట్టినచో మట్టి బీటలు వారును. కావున నీడయే మేలు. ఆరిన పిదప అతుకులు నునుపు చేసి, సుద్ద పూసి, రంగులు వేయుదురు. కన్నులు, మీసములు చివర దిద్దుదురు. సన్నని మట్టికడ్డీ నిలువదు గనుక ఈటెకు వెదురుపుల్లను గ్రుచ్చుదురు. డాలును దేహమున కానించి మలచుటయు ఇందులకే.

కోటద్వారముకంటె రాజు బొమ్మ పెద్దదిగ నుండుట చూచి కొందరు నవ్వుదురు. కాని మన దేవాలయ శిల్పములందును ప్రధానమూర్తి పరివారముకంటె పెద్దదిగ నుండుట కలదు. ఇచట పరిమాణము కొలతను గాక గౌరవమును సూచించును.

బొమ్మను నిలుపుటకు చరిత్రజ్ఞానము కావలెను. 1660లో బాజీప్రభు దేశపాండే ఇరుకు కనుమలో శత్రువుల నడ్డగించి, శివాజీ విశాలగడ్ చేరువరకు పోరాడి ప్రాణము లర్పించెను. 1670లో తానాజీ మాలుసరే నిట్టనిలువు కొండ నెక్కి సింహగడ్‌పై పోరి వీరమరణ మందెను. కావున మొదటివాని స్థానము కనుమ. రెండవవాని స్థానము కొండవాలు. ఈ సంగతి నెరిగి నిలిపిన బాలునికి పాఠము మరపురాదు.

ఈ చరిత్ర మనకు పరాయిది కాదు. 1677లో శివాజీ గోలకొండకు వచ్చి తానాషాతో సంధి చేసికొనెను. అప్పుడచట మంత్రిగ నుండినవాడు మాదన్న. పిమ్మట శివాజీ దక్షిణమునకు సాగి జింజిని గైకొనెను. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలములుగ గుర్తించిన పన్నెండు మరాఠా కోటలలో, మహారాష్ట్రమునకు వెలుపలనున్నది ఆ జింజి యొక్కటియే.

నేడు అంగళ్లలో ప్లాస్టిక్ సైనికులు చౌకగా దొరకుచున్నారు. తుపాకి పట్టిన బొమ్మ తానాజీ ప్రక్కన నిలుచుచున్నది! దీనివలన నష్టము రెండు విధములు: కుమ్మరి చేతికి పని తగ్గును, బాలుని మనస్సున కాలములు కలగాపులగ మగును.

విద్యార్థులారా! మన యిండ్ల బొమ్మలకొలువు మన భాషతోపాటు వచ్చిన సొత్తు. వీధిలోని కిల్లా మనము నివసించు నేల యిచ్చిన సొత్తు. రెంటిని ఆదరింపుడు. ఈ దీపావళికి ఒక్క మావళీనైనను స్వహస్తములతో చేయుడు. వంకరగ వచ్చినను చింతలేదు. వాడెవడో, ఎచట నిలిచెనో, ఏల నిలిచెనో చెప్పగలిగిననాడు ఆ బొమ్మ సార్థక మగును.