నెలలు నిండే వేళ: చివరి మూడు మాసాలలో తల్లి జీవనం, శిశువు పెరుగుదల

గర్భవతియైన స్త్రీని గూర్చి మన పల్లెలలో "ఆమె ఒట్టి మనిషి కాదు" అంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో "ఉమ్మీద్ సే హై" అంటారు, "పాఁవ్ భారీ హై" అని కూడ అంటారు. మొదటి మాటలో ఆమె యందు మరొక ప్రాణమున్నదన్న ఎరుక ఉన్నది. రెండవ మాటలో ఆశ ఉన్నది. మూడవ మాటలో ఆమె అడుగు బరువెక్కినదన్న సానుభూతి ఉన్నది. ఈ మూడు భావాలను మాటలలో నిలుపుకున్న మన సమాజం వాటిని ఆచరణలో ఎంతవరకు నిలుపుకున్నదన్నది విచారింపదగిన విషయం. అందుకై గర్భధారణలోని చివరి మూడు మాసాలను గూర్చి, నల్లగొండ, పాలమూరు సీమల జీవితాన్ని దృష్టియందుంచుకొని, మాకు తెలిసినంతవరకు ఈ వ్యాసంలో వివరింపదలచినాము.

వైద్యులు చివరి బహిష్టు మొదటి రోజునుండి లెక్కించి 280 రోజులు, అనగా 40 వారాలు, గర్భకాలమని చెప్పుదురు. ఇందులో 28వ వారం మొదలు కాన్పు వరకు గల కాలం చివరి భాగం. శిశువు అవయవాలన్నీ అప్పటికే ఏర్పడి ఉంటాయి. అందువలన చాలమంది ఈ కాలాన్ని కేవలం నిరీక్షణగా భావింతురు. ఇది సరియైన అభిప్రాయం కాదు. ఇల్లు కట్టువాడు గోడలు లేపినంత మాత్రాన ఇల్లు నివాసయోగ్యం కాదు గదా! పైకప్పు, తలుపులు, గచ్చు అన్నీ చివరనే అమరుతాయి. శిశువు విషయమూ అంతే.

శిశువు పెరుగుదల

28వ వారంనాటికి శిశువు బరువు సుమారు 1 కిలో. 32వ వారానికి అది 1.7 కిలోల దరిదాపులకు చేరుతుంది. 36వ వారానికి సుమారు రెండున్నర కిలోలవుతుంది. నెలలు నిండిన నాటికి మన దేశపు శిశువులు సాధారణంగా 3 కిలోలకు కొంచెం అటుఇటుగా ఉంటారు. అనగా పుట్టినప్పటి బరువులో మూడింట రెండు వంతులు ఈ పన్నెండు వారాలలోనే చేరుతున్నవి. 2.5 కిలోలకు తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తక్కువ బరువు శిశువుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిగణిస్తున్నది. అట్టి బిడ్డకు జబ్బులు సులభంగా సోకుతాయి, శరీరంలో వేడి నిలవదు.

బరువొక్కటే కాదు. ఈ దశ ఆరంభంలో శిశువు కనురెప్పలు విచ్చుకుంటాయి. చెవి వినుట నేర్చుకుంటుంది. తల్లి కంఠస్వరానికి శిశువు గుండె వేగం మారుటను శాస్త్రజ్ఞులు గమనించినారు. పుట్టిన కొద్ది గంటలకే బిడ్డ తల్లి గొంతును గుర్తించుటకు కారణమిదే. చర్మం క్రింద కొవ్వు చేరి ముడతలు తగ్గుతాయి. పుట్టిన తరువాత చలికి తట్టుకొనే శక్తి ఆ కొవ్వు వలననే కలుగుతుంది. ఊపిరితిత్తులలో ఒక విధమైన జిడ్డు పదార్థం ఊరి, గాలి తిత్తులు ఒకదానికొకటి అంటుకొనిపోకుండ కాపాడుతుంది. అది చాలినంతగా తయారగుటకు సుమారు 35 వారాలు పడుతుంది. అంతకు ముందు పుట్టిన బిడ్డలు ఆయాసపడుటకు ఇదే ముఖ్యకారణం.

మెదడు పెరుగుదల ఇంకను ఆశ్చర్యకరమైనది. మొదట నున్నగా ఉండే మెదడు ఉపరితలం ఈ కాలంలో ముడుతలు పడుతూ విస్తరిస్తుంది. 35వ వారంలో మెదడు బరువు, నెలలు నిండిన శిశువు మెదడు బరువులో సుమారు మూడింట రెండు వంతులే. మిగిలిన వంతు చివరి ఐదు వారాల సంపాదన.

ఇవి గాక తల్లి తన బిడ్డకు మూడు మూటలు కట్టి ఇస్తుంది. మొదటిది ఇనుము. పుట్టిన తరువాత దాదాపు ఆరు నెలల వరకు సరిపడు ఇనుమును శిశువు తన కాలేయంలో నిల్వ చేసుకొనునది ఎక్కువగా ఈ కాలంలోనే. రెండవది సున్నం, అనగా కాల్షియం. నెలలు నిండిన శిశువు ఎముకలలో సుమారు 30 గ్రాముల కాల్షియం ఉంటుంది, అందులో అధికభాగం చివరి మూడు మాసాలలో చేరినదే. మూడవది రోగనిరోధక శక్తి. తల్లి రక్తంలోని రక్షక పదార్థాలు మాయ ద్వారా శిశువుకు చేరుతాయి. గర్భిణికి ధనుర్వాతపు టీకా వేయుటలోని రహస్యమిదే. ఒక్క సూది ఇద్దరిని కాపాడుతుంది.

తల్లి దినచర్య

ఇంత ఇచ్చుకొనే తల్లికి శ్రమ తప్పదు. నడుము నొప్పి, గుండెలో మంట, మాటిమాటికి మూత్రానికి పోవలసి వచ్చుట, రాత్రి పిక్కలు పట్టుట, కాళ్ళకు కొద్దిపాటి వాపు ఈ దశలో సామాన్యంగా కనబడునవి. అప్పుడప్పుడు కడుపు రాయివలె బిగిసి వదులుట కూడ సహజమే. అయితే అది క్రమం తప్పకుండా, దగ్గర దగ్గరగా, నొప్పితో వచ్చిన యెడల ఆసుపత్రికి పోవలెను.

ఎడమ ప్రక్కకు తిరిగి పడుకొనుట మంచిది. వెల్లకిల పడుకొన్నచో గర్భాశయపు బరువు పెద్ద రక్తనాళంపై పడి శిశువుకు చేరే రక్తం తగ్గవచ్చును. పగలు భోజనానంతరం రెండు గంటల విశ్రాంతి అవసరం. ఆ సమయంలో శిశువు కదలికలను లెక్కపెట్టుట మంచి అలవాటు. రెండు గంటలలో పది కదలికలైనా తెలియకున్న యెడల రేపటికని వాయిదా వేయక వైద్యులకు చూపింపవలెను.

మన నేల పంటలు, మన భోజనం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో గర్భవతులలో 53.2 శాతం మందికి రక్తహీనత ఉన్నది. హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనత అనియు, 7 కు తగ్గినచో తీవ్రమైనదనియు చెప్పుదురు. అట్టి తల్లి కాన్పు సమయంలో కొద్దిపాటి రక్తస్రావానికి కూడ తట్టుకొనలేదు. గర్భిణి మట్టి, బూడిద, పలక బలపాలు తినవలెనని కోరుట మన ఊళ్ళలో చూస్తూనే ఉంటాము. పెద్దలు దానిని కడుపులోని బిడ్డ కోరికగా భావించి నవ్వుకుంటారు. అది తరచుగా ఇనుము లోపానికి గుర్తు. నవ్వి ఊరుకొనక రక్తపరీక్ష చేయించవలెను.

ఇందుకు మందు చాలవరకు మన చేలలోనే ఉన్నది. పాలమూరు పల్లీలు, బెల్లం, నువ్వులు, జొన్నరొట్టె, సజ్జరొట్టె, కందిపప్పు, తోటకూర, మునగాకు దొరకని ఊరు అరుదు. తైదలు నూరు గ్రాములలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. మన పూర్వులు త్రాగిన తైద అంబలిని పేదల తిండి అని విడిచిపెట్టి, పాలిషు పట్టిన తెల్లబియ్యాన్ని గౌరవంగా భావించుట మన దురదృష్టం. నల్లగొండ బత్తాయి తోటలు ప్రసిద్ధమైనవి. భోజనంతో పాటు బత్తాయో, నిమ్మరసమో తీసుకొన్నచో ఆకుకూరలలోని ఇనుము చక్కగా వంటబడుతుంది. భోజనం చేసిన వెంటనే చాయ త్రాగినచో ఆ ఇనుము వ్యర్థమవుతుంది.

ప్రభుత్వ ఆసుపత్రులలో ఇచ్చే ఇనుము మాత్రలు రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు, కాల్షియం మాత్రలు రోజుకు రెండు చొప్పున వేసుకోవలెను. రెండింటినీ ఒకే వేళ మింగరాదు, ఒకటి మరొకదానిని అడ్డగించును. నల్లటి విరేచనం చూసి భయపడి ఇనుము మాత్రలు మానివేసేవారున్నారు. అది మాత్ర రంగే గాని జబ్బు కాదు.

2015లో తెలంగాణలో ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకం అంగన్‌వాడీలోనే గర్భిణికి పూర్తి భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు అందించుటకు ఏర్పడినది. 2022 డిసెంబరులో రక్తహీనత అధికంగా గల తొమ్మిది జిల్లాలను ఎంచి పోషకాహార కిట్లు ఇవ్వబూనినప్పుడు వానిలో జోగులాంబ గద్వాల, నాగర్‌కర్నూలు ఉండినవి. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని రెండు భాగాలు ఆ పట్టికకెక్కుట మనకు గర్వకారణం కాదు, హెచ్చరిక.

నీరు, వలస

మన రెండు జిల్లాలకు రెండు పాత దుఃఖాలున్నవి. నల్లగొండది నీటి దుఃఖం. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాల బోరు నీటిలోని ఫ్లోరైడు తరతరాలుగా పండ్లను, ఎముకలను కబళించినది. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం. ఆ నీటిలోని ఫ్లోరైడు మాయను దాటి శిశువును చేరగలదు. పైగా ఆహారంలో కాల్షియం తక్కువైనచో దాని హాని ఎక్కువ. కృష్ణా నీరు నల్లాల ద్వారా వచ్చిన ఇళ్ళలో కూడ, నల్లా రాని రోజున గర్భిణికి బోరు నీరు పోయకుండుట ఇంటివారి బాధ్యత. చిన్ననాటనే ఎముకలు వంగిన స్త్రీకి కాన్పు కష్టం కావచ్చును గనుక ఆమెను ముందుగానే పెద్ద ఆసుపత్రిలో చూపించవలెను.

పాలమూరుది వలస దుఃఖం. ఈ సీమ కూలీల చెమట తగలని ఆనకట్టలు, భవనాలు దేశంలో తక్కువ. వలసపోయిన గర్భిణి ఎనిమిదో నెలలోను ఇటుకలు మోయుటయే గాక, తన ఊరి ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీకి దూరమవుతుంది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం గర్భిణికి అంగన్‌వాడీ భోజనాన్ని హక్కుగా ఇచ్చినది. ఆమె తన తల్లీబిడ్డల కార్డును వెంట తీసుకొనిపోయి, ఉన్నచోటి అంగన్‌వాడీలో చూపి అడుగవలెను. ఉద్యోగినులకు 2017 సవరణతో 26 వారాల వేతన సెలవు లభించినది. చేనిలో నాటు వేసే తల్లికి, తట్ట మోసే తల్లికి అట్టి సెలవు లేదు. ఆమెకు సెలవు ఇయ్యవలసినది భర్త, అత్తమామలు, పని పెట్టిన మేస్త్రీ.

ఆచారాలు, నమ్మకాలు

హిందువుల ఇళ్ళలో సీమంతం, ముస్లింల ఇళ్ళలో ఏడవ నెలలో సత్‌వాసా జరుపుదురు. దక్కను ముస్లింల ఆచారాలను వర్ణిస్తూ జాఫర్ షరీఫ్ రచించి, 1832లో లండనులో ఆంగ్లానువాదంగా వెలువడిన "కానూనె ఇస్లాం" గ్రంథంలో ఈ సత్‌వాసా ప్రస్తావన ఉన్నది. రెండు వేడుకల అంతరార్థం ఒక్కటే. చివరి మాసాలలో ప్రవేశించిన స్త్రీని ఆదరించి, ఆమెకు ఇష్టమైనవి పెట్టి, మనసు సంతోషపెట్టుట. తొలి కాన్పుకు పుట్టింటికి పంపుటలో కూడ విశ్రాంతినిచ్చే వివేకమున్నది. ఇవి నిలుపుకొనదగినవి.

విడువదగినవి కూడ ఉన్నవి. తక్కువ తింటే బిడ్డ చిన్నగా ఉండి కాన్పు తేలికవుతుందన్న మాట ప్రమాదకరమైనది. కుంకుమపువ్వు బిడ్డకు తెలుపు తేదు. గ్రహణానికి, పెదవి మొర్రికి సంబంధం లేదు. ఏడో నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకును, ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకదన్న నమ్మకం చాల ప్రాచీనమైనది. ఎనిమిదవ మాసంలో ఓజస్సు స్థిరంగా ఉండదని చరకుడు, సుశ్రుతుడు చెప్పినారు. గ్రీకు వైద్యంలో కూడ ఇట్టి భావనే ఉన్నది. అయితే పైన చెప్పిన ఊపిరితిత్తుల విషయం గ్రహించినవారికి నిజం తేటతెల్లమవుతుంది. గర్భంలో గడిచిన ప్రతి వారం బిడ్డకు లాభమే. కనుక ఎనిమిదో నెల బిడ్డకే బ్రతికే అవకాశం ఎక్కువ. "ఎట్లాగూ నిలువదు" అని ఆసుపత్రికి తీసుకొనిపోకుండుట ఘోరమైన పొరపాటు.

రంజాను మాసంలో తనకో, బిడ్డకో హాని కలుగునని భయపడు గర్భిణికి ఉపవాసం వాయిదా వేసి తరువాత పూర్తిచేసుకొనే సడలింపు ధర్మంలోనే ఉన్నది. ఎండలు మండే మన మెట్ట ప్రాంతంలో ఆ సడలింపును వాడుకొనుటకు సంకోచించరాదు.

ఆపద గుర్తులు

తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, ముఖం చేతులు ఉబ్బుట గుర్రపువాతానికి ముందు గుర్తులు కావచ్చును. రక్తపోటు 140/90 చేరినచో జాగ్రత్త పడవలెను. రక్తస్రావం, ఉమ్మనీరు పోవుట, జ్వరం, కదలిక తగ్గుట ఇవన్నీ వెంటనే 108 వాహనాన్ని పిలువవలసిన సందర్భాలు. ఆసుపత్రి ఎంత దూరం, రాత్రివేళ తోడు ఎవరు, రక్తం ఇచ్చువారెవరు అన్నవి తొమ్మిదో నెల రాకముందే ఇంటిలో నిర్ణయించుకోవలెను.

కాన్పు తేదీని ఎవరు నిర్ణయించవలెను?

పై సర్వే ప్రకారమే తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రులలో జరిగినవి. ఇది గొప్ప విజయం. అయితే మొత్తం కాన్పులలో 60.7 శాతం శస్త్రచికిత్స ద్వారా జరిగినవి. అవసరమైనప్పుడు శస్త్రచికిత్స ప్రాణదాత, సందేహం లేదు. కాని ముహూర్తం కొరకు, సౌకర్యం కొరకు, నొప్పి భయం వలన రెండు మూడు వారాలు ముందే బిడ్డను బయటికి తీయుట వేరు. చివరి ఐదు వారాలలో మెదడు గడించే వంతును గూర్చి పైన వ్రాసినాము. ఆ వంతును పంచాంగం చూసి తగ్గించు హక్కు ఎవరికి ఉన్నది? వైద్య కారణం లేనప్పుడు కనీసం 39 వారాలు నిండనిచ్చుట బిడ్డకు మనమిచ్చే మొదటి కానుక.

ఈ సంచిక చదివే విద్యార్థినీ విద్యార్థులలో అనేకులు తమ కుటుంబాలలో మొదటిసారిగా కళాశాల గడప తొక్కినవారు. ఇంటిలో అక్కయ్యో, వదినెయో, ఆపాయో, భాభీయో నెలలు నిండి ఉన్నచో ఆమె కార్డు చదివి చెప్పవలసినది మీరే. ఆమె బిందెను అందుకొనవలసినది, మాత్ర వేళను జ్ఞాపకం చేయవలసినది మీరే. పద్దెనిమిది నిండని చెల్లెలికి పెండ్లి తలపెట్టినప్పుడు ఆమె శరీరం ఇంకను ఎదుగుతున్నదని, తన ఎదుగుదలకు చాలని తిండిని మరొక ప్రాణంతో పంచుకొనలేదని పెద్దలకు వినయంగా, గట్టిగా చెప్పవలసినదీ మీరే. కళాశాల సంఘం వారు ఏటేటా ఒకనాడు ప్రభుత్వ వైద్యురాలిని ఆహ్వానించి విద్యార్థినులకు రక్తపరీక్ష చేయించిన యెడల ఈ కార్యం ముందుగానే ఆరంభమవుతుంది. రేపటి తల్లి రక్తం నేటి విద్యార్థిని దేహంలోనే తయారగుచున్నది గదా!